మీ బండి, మా జవాబు: ఈసారి అన్నీ డీజిల్ గొడవలే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ డీజిల్ బండ్ల మీదే ఉన్నాయి, అందులోనూ 2020 తర్వాత కొన్నవాటి మీద. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి కదా, డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల మసి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి, నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 నుంచి 80కి పడిపోయింది. అంత తగ్గించాలంటే పొగ వెళ్లే దారిలో ఫిల్టరు, క్యాటలిస్టు, అరడజను సెన్సర్లు, కొన్ని బండ్లకైతే ఆ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగలోకి చిమ్మే యూరియా ద్రావణం ట్యాంకు కూడా పెట్టక తప్పలేదు. ఇంజిన్ గట్టిదే, పేచీ అంతా దాని చుట్టూ తగిలించిన సామానుతోనే వస్తోంది.

ప్రశ్న: మాది 2022 డీజిల్ ఎస్‌యూవీ. పిల్లల్ని స్కూల్లో దింపడం, అక్కడి నుంచి ఆఫీసు, మళ్లీ ఇల్లు, అంతా కలిపి రోజుకి పది కిలోమీటర్లు దాటదు. డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది. ఈసారి షోరూమ్‌వాళ్లు ఫిల్టరే మార్చాలన్నారు, లక్ష పైన అవుతుందట. ఇంకా 30 వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి ఇదేం ఖర్చండీ? – కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ లక్ష ఖర్చుపెట్టకండి, నేను చెప్పేవి చూపించాక అప్పుడు ఆలోచిద్దాం.

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు. అది పట్టి ఊరుకోదు, నిండుతున్నకొద్దీ ఇంజిన్ కంప్యూటర్ కొంచెం డీజిల్ అదనంగా చిమ్మి, ఫిల్టరు వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది పూర్తవ్వడానికి పది నుంచి ఇరవై నిమిషాలు బండి ఆగకుండా, మంచి వేడి మీద నడవాలి. మీ స్కూలు దగ్గరికి వెళ్లేసరికి ఇంజిన్ ఇంకా పూర్తిగా వేడెక్కను కూడా లేదు, అక్కడ ఆపేశారు. మళ్లీ స్టార్ట్ చేశారు, మళ్లీ సిగ్నళ్లు, మళ్లీ ఆపేశారు. ప్రతిసారీ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పని అది, మసి మాత్రం పేరుకుంటూనే ఉంది.

లైటు కొత్తగా వెలిగినప్పుడు, అంటే ఇంజిన్ లైటు వెలగక ముందు, పికప్ తగ్గక ముందు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా నిలకడగా పోనివ్వండి, 70-80 వేగం, గేరు ఒకటి తక్కువలో ఉంచి ఇంజిన్ 2,000 ఆర్‌పీఎమ్ పైన ఉండేలా. చాలా బండ్లకు దీంతో లైటు ఆరిపోతుంది. మీ మాన్యువల్లో మీ బండికి ఎంత వేగం, ఎన్ని నిమిషాలో రాసే ఉంటుంది, ఆ పేజీ ఎవరూ చదవరు. ఇంట్లో ఆపబోతుంటే ఐడిల్ కాస్త పెరిగి ఉన్నా, ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, ఏదో కాలిన వాసన వచ్చినా, అప్పుడప్పుడే రీజనరేషన్ జరుగుతోందని గుర్తు. వీలైతే ఆపకండి, ఇంకో రౌండు కొట్టి రండి. ఆ సమయంలో సైలెన్సర్ నిప్పులా ఉంటుంది కాబట్టి ఎండుగడ్డి మీద మాత్రం ఆపొద్దు. ఊరికి వెళ్లినప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి బండి కింద ఇరుక్కుంటుంది చూడండి, అది మరీ ప్రమాదం.

అన్నీ సరిగ్గా చేసినా లైటు వస్తోందంటే ఫిల్టరు కన్నా ముందు అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. ఫిల్టరుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా కొలిచే చిన్న సెన్సర్ ఒకటి, దానికి వెళ్లే రబ్బరు గొట్టాలు. గొట్టం పగిలినా సెన్సర్ చెడినా ఫిల్టరు నిండిందో లేదో కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్తుంది. తర్వాత థర్మోస్టాట్, అంటే కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ కావలసినంత వేడెక్కదు, వేడెక్కకపోతే చాలా బండ్లలో రీజనరేషన్ మొదలే కాదు. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్" అని పీకి పక్కన పడేసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, మీ బండికి ఎవరైనా ఆ ఉపకారం చేశారేమో అడగండి. ఇవి చూశాక స్కానర్‌తో షోరూమ్‌లోనే రీజనరేషన్ చేయించమనండి. అక్కడ రెండు అంకెలు రాయించుకోండి: మసి ఎంత, బూడిద ఎంత. మసి కాలుతుంది, బూడిద కాలదు. 30 వేల లోపు బండిలో బూడిదతో ఫిల్టరు నిండిపోవడం మామూలుగా జరగదు. మసే అయితే ఫిల్టరు మార్చే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

తప్పు ప్రతిసారీ నడిపేవాళ్లదే అనుకోకండి. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబరు, 2020 ఏప్రిల్ మధ్య అమ్మిన టయోటా హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిళ్లలో డీపీఎఫ్ సరిగా శుభ్రపడడం లేదని కొన్నవాళ్ల తరఫున కోర్టుకెక్కితే, లోపం డిజైన్‌లోనే ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. అందుకని షోరూమ్‌తో మాట్లాడేటప్పుడు తల దించుకుని మాట్లాడాల్సిన పనిలేదు, వారంటీలో ఏముందో చదివి, కంప్లయింటు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంకొక్క మాట, వినడానికి ఇష్టం ఉండకపోవచ్చు. మీ తిరుగుడుకు డీజిల్ బండి సరిపడదు. అమ్మినవాడు ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

ప్రశ్న: ఇంజిన్ ఆయిల్ తాగేస్తోందని అనడం విన్నాం. మా కారులో ఆయిల్ పెరుగుతోంది! గేజ్ తీసి చూస్తే పై గీత దాటింది. తగ్గడం లేదు కదా, మంచిదే అంటున్నాడు మా బావమరిది. – ఒంగోలు

జవాబు: మీ బావమరిది మాట వినకండి. అది పెరిగిన ఆయిల్ కాదు, అందులో కలిసిన డీజిల్. పైన చెప్పిన రీజనరేషన్ కోసం చిమ్మే అదనపు డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కిందికి, ఆయిల్ సంపులోకి దిగుతుంది. రీజనరేషన్లు మధ్యలో ఆగిపోతున్న బండ్లలో ఇది ఎక్కువ. గేజ్ వాసన చూడండి, తెలిసిపోతుంది. (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఏదైనా కారుతున్నా ఇలాగే అవుతుంది, అదీ చూపించండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మాత్రం అది కూలెంట్, అసలు స్టార్ట్ చేయకుండా టోయింగ్ పిలవండి.)

డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను, టర్బోను కాపాడలేదు. పై గీత దాటిందంటే వెంటనే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాలి, కొంచెం తీసేసి సరిపెట్టడం కాదు. మరీ ఎక్కువైతే ఆయిల్ ఆవిరి గొట్టంలోంచి ఇన్‌టేక్‌లోకి వెళ్లి, ఇంజిన్ తన ఆయిల్‌నే తగలబెట్టుకుంటూ ఆపినా ఆగకుండా రేస్ అయిపోవచ్చు. అరుదే కానీ, జరిగితే ఇంజిన్ మిగలదు. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే డీజిల్‌కి పుస్తకంలో రాసిన సర్వీసు గడువు ఎక్కువే, సగానికే మార్పించడం మేలు.

ఏ ఆయిల్ పోయిస్తున్నారో కూడా చూసుకోండి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలదు, అది చిక్కదనం మాత్రమే. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే రకం కావాలి, చాలా కార్లకు ఏసీఈఏ సీ2 లేదా సీ3 అని మాన్యువల్లో ఉంటుంది. పాత డీజిల్ జీపులకు పోసే 15డబ్ల్యూ-40 డబ్బా చవగ్గా ఉందని పోయిస్తే, అందులోని బూడిదంతా వెళ్లి ఫిల్టర్లో కూర్చుంటుంది, దాన్ని ఏ ఔటర్ రింగ్ రోడ్డూ కాల్చలేదు.

ప్రశ్న: చెరువుల దగ్గర తిరగడానికి పికప్ వాడుతున్నాను. ఏడాదిలో రెండుసార్లు నాజిల్స్ పోయాయి, నాలుగూ. ఏరియేటర్ల ఇంజిన్లకి తెప్పించే డ్రమ్ములోంచే దీనికీ డీజిల్ పోస్తాం, ఆ ఇంజిన్లు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి మరి. కంపెనీ నాజిల్సే నాసిరకమా? – భీమవరం దగ్గర ఒక రొయ్యల రైతు

జవాబు: నాజిల్స్ సంగతి తర్వాత, ముందు ఆ డ్రమ్ము అడుగున ఏముందో చూడండి. ఒక పారదర్శకమైన సీసాలో డ్రమ్ము అడుగు డీజిల్ పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి కింద నీళ్లు వేరుగా నిలబడి కనిపిస్తే మీ జవాబు అదే. చెరువు గట్టు మీద, ఆ తేమలో, మూత సరిగా పట్టని సగం ఖాళీ డ్రమ్ములో రాత్రి చల్లబడ్డప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది, వాన నీళ్లు సరేసరి.

ఏరియేటర్ల పాత రకం ఇంజిన్ల పంపులు కాస్త నీళ్లనీ మట్టినీ మింగి ఊరుకుంటాయి. మీ పికప్‌లో ఉన్నది కామన్ రైల్, అంటే అన్ని నాజిల్స్‌కీ డీజిల్ అందించే ఒకే గొట్టం. అందులో డీజిల్ ఒత్తిడి 1,600 బార్‌ల పైన, కొన్నింటిలో 2,000 దాటి ఉంటుంది. మీ టైర్లో ఉండే గాలి రెండు మూడు బార్‌లు, లెక్క వేసుకోండి. ఆ ఒత్తిడిని ఆపడానికి లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు, దానికి గ్రీజు, ఆయిల్ వేరే ఏమీ ఉండవు, డీజిలే జారుడు. నీళ్లు కలిస్తే ఆ జారుడు పోయి ఇనుము ఇనుముతో ఒరుసుకుంటుంది, తుప్పు పడుతుంది. కిరోసిన్ కలిసినా, రోడ్డు పక్కన బయోడీజిల్ పేరు చెప్పి చవగ్గా అమ్మే ఆ ద్రవాలు పోసినా ఇదే గతి.

రెండోసారి ఎందుకు పోయాయంటే, నా అనుమానం, మొదటిసారి నాజిల్స్ ఒక్కటే మార్చి ఉంటారు. హై ప్రెషర్ పంపు ఒరుసుకుని ఇనుప రజను వదలడం మొదలుపెడితే అది రైలులోకి, గొట్టాల్లోకి, తిరుగు దారిలో ట్యాంకులోకీ చేరుతుంది. ట్యాంకు కడగకుండా, పంపు విప్పి చూడకుండా కొత్త నాజిల్స్ బిగిస్తే ఆ రజను వాటిని కూడా తినేస్తుంది. ఈసారి పంపు, రైలు, ట్యాంకు అన్నీ చూపించండి, ఫిల్టర్ హౌసింగ్‌లో వెండి రంగు పొడి కనిపిస్తుందేమో మీరే దగ్గర నిలబడి చూడండి. ఏ నాజిల్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చిన్న సీసాలు తగిలించి కొలిచే పరీక్ష ఉంది, అది చేయకుండా "నాలుగూ పోయాయి" అనేవాడి దగ్గరికి వెళ్లకండి. ఒక్కోసారి పోయింది ఒక్కటే ఉంటుంది. కొత్తది బిగించాక దాని మీద రాసి ఉన్న కోడ్‌ని స్కానర్‌తో కంప్యూటర్లో ఎక్కించాల్సిన రకమైతే ఎక్కించాలి, కింద రాగి వాషరు కొత్తది వేయాలి. రోడ్డు పక్క షెడ్లలో ఈ రెండూ ఎగ్గొడుతుంటారు, బండి కొట్టుకుంటూ నడుస్తుంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే మీలాంటి చోట నెలకోసారి వదలండి. పికప్‌కి మాత్రం బంకుకెళ్లి కొట్టించండి.

ప్రశ్న: మైలేజీ పెరుగుతుందని డీజిల్లో కలిపే అడిటివ్ సీసా ఒకటి బంకులో పోయించుకోమంటున్నారు. పోయించాలా? – సిద్దిపేట

జవాబు: అక్కర్లేదు. ఆ డబ్బుతో టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ చూపించుకోండి.

ప్రశ్న: ఈజీఆర్ వాల్వ్ జామ్ అయింది. మా మెకానిక్ ఈజీఆర్‌కి ప్లేటు కొట్టేసి, డీపీఎఫ్ లోపలిది కూడా తీసేసి, కంప్యూటర్లో రీమ్యాప్ చేస్తే ఇక జన్మలో ఈ గోల ఉండదు, పికప్ కూడా పెరుగుతుందంటున్నాడు. చేయించమంటారా? – వరంగల్

జవాబు: వద్దు. కారణాలు చెబుతాను.

ఈజీఆర్ పని, కాలిన పొగలో కొంత వెనక్కి తిప్పి ఇంజిన్లోకి పంపడం. దానివల్ల లోపలి వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఆ పొగలోని మసి, ఆయిల్ ఆవిరి కలిసి ఇన్‌టేక్‌లో తారులా గడ్డకడతాయి, వాల్వ్ బిగుసుకుంటుంది. ఇది నిజమైన లోపమే, నేను కాదనను. కానీ మందు శుభ్రం చేయించడం, మరీ అయితే వాల్వ్ మార్చడం. విప్పినప్పుడే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా శుభ్రం చేయించండి, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ వస్తారు. ప్లేటు కొట్టేస్తే చాలా బీఎస్-6 బండ్లలో గాలి లెక్క తేడా వచ్చి ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఆ లైటు ఉంటే రీజనరేషన్ ఆగిపోవచ్చు. అప్పుడు డీపీఎఫ్ నిండుతుంది. అందుకే ఆయన రెండూ కలిపి తీసేస్తానంటున్నాడు, ఒకదాని తర్వాత ఇంకోటి.

డీపీఎఫ్ తీసేసిన బండికి వారంటీ పోతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం అది ఒప్పుకోని మార్పు కూడా, కాలుష్య ఉల్లంఘనకు జరిమానా 2019 సవరణ తర్వాత 10 వేల దాకా ఉంది. ఇవన్నీ మీరు లెక్కచేయకపోవచ్చు. మీ వెనక బైకు మీద వచ్చేవాడు ఆ మసంతా పీలుస్తాడు, ఇది మాత్రం లెక్కచేయాల్సిందే. అమ్మాలనుకున్నప్పుడు తెలిసినవాడు పైపులో వేలు పెట్టి చూసి సగం ధరకి అడుగుతాడు.

ఒక పక్క మాట: కూలెంట్ ఎక్కడా కారకుండా తగ్గుతూ, పొద్దున్నే తెల్ల పొగ వస్తుంటే అందరూ హెడ్ గాస్కెట్ అనేస్తారు. హెడ్ విప్పే ముందు ఈజీఆర్ కూలర్, అంటే ఆ వెనక్కి తిప్పే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం, దానికి లీకేజీ పరీక్ష చేయించండి. అది పగిలినా ఇవే లక్షణాలు, ఖర్చులో మాత్రం చాలా తేడా.

ప్రశ్న: మాకు బీఎస్-6 లారీలు ఉన్నాయి. యూరియా ఖర్చు కనిపిస్తోంది. ఎరువు యూరియా నీళ్లలో కలిపి పోయొచ్చని ఒక డ్రైవర్ అంటున్నాడు, చాలామంది పోస్తున్నారట. – అనంతపురం

జవాబు: పోయకండి. డెఫ్ అని, యాడ్‌బ్లూ అని అమ్మేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలేవీ లేని నీళ్లు. ఎరువు యూరియాకి మన దేశంలో వేపనూనె పూత ఉంటుంది, 2015 నుంచి తప్పనిసరి చేశారు. ఆ పూత, అందులోని ఇతర మలినాలు, మీ బోరు నీళ్ల సున్నం అన్నీ కలిసి చిన్న నాజిల్‌లో, ఆ వెనక క్యాటలిస్టులో పేరుకుంటాయి. క్యాటలిస్టు పోతే అయ్యే ఖర్చుకి కొన్నేళ్ల డెఫ్ వస్తుంది. పైగా రైతులకిచ్చే సబ్సిడీ యూరియా ఇలా వాడడం నేరం, పట్టుబడితే లారీతో పోయేది కాదు.

వంద లీటర్ల డీజిల్‌కి నాలుగైదు లీటర్ల డెఫ్ అనుకుని లెక్క పెట్టుకోండి. అంతకన్నా బాగా తక్కువ తాగుతుంటే డ్రైవర్ ఏదో చేస్తున్నాడని, లేదా చిమ్మే నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకట్టిందని అర్థం. మీ ఊరి ఎండకు ఇంకో సంగతి: డెఫ్ వేడికి పాడవుతుంది, 30 డిగ్రీల్లో ఏడాది ఉండేది 35 డిగ్రీల్లో ఆరు నెలలే. చవగ్గా వస్తోందని వేసవికి ముందు పీపాలు కొని రేకుల షెడ్డులో పెట్టొద్దు. వాడేది వాడినట్టు తెప్పించుకోండి, ఐఎస్‌వో 22241 అని డబ్బా మీద ఉందో లేదో చూసి.

ఒకవేళ ఎవరైనా నీలం మూత చూసుకోకుండా డెఫ్‌ని డీజిల్ ట్యాంకులో పోసేస్తే, తాళం కూడా తిప్పొద్దు. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు దాన్ని లైన్లోకి లాగేసే బండ్లు ఉన్నాయి. స్టార్ట్ చేయకుండా ఉంటే ట్యాంకు కడిగించడంతో పోతుంది. డీజిల్ కారులో పెట్రోలు పోయించుకున్నవాళ్లకి కూడా ఇదే మాట.

ప్రశ్న: అరకు ట్యాక్సీ తోలుతాను సార్. ఘాట్‌లో పికప్ లేదు, ఎక్కేటప్పుడు బుస్సుమని శబ్దం, వెనక నల్ల పొగ. టర్బో పోయిందంటున్నారు. – విశాఖపట్నం

జవాబు: బుస్సుమంటే ముందు గొట్టాలు చూడు తమ్ముడూ. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం ఎక్కడో చీలి ఉంటుంది, లేదా క్లాంపు వదులై ఉంటుంది. గాలి బయటికి పోతే డీజిల్ సరిగా కాలక నల్ల పొగ వస్తుంది. గొట్టం ఖర్చు ఎక్కడ, టర్బో ఖర్చు ఎక్కడ. పొగ నీలంగా ఉండి ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు టర్బోనే అనుమానించాలి. అది మార్చాల్సి వస్తే ఆయిల్ తెచ్చే సన్న గొట్టం కూడా కొత్తది వేయించు, పాతది లోపల కాలి పూడిపోయి ఉంటే కొత్త టర్బో కూడా ఎండిపోయి పోతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువది, దానికి ఉన్న ఆధారమంతా ఆయిలే.

ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తీసేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. అంతేగానీ టూరిస్టులు బొర్రా గుహలు చూసొచ్చేదాకా ఏసీ వేసుకుని గంట నడిపితే మాత్రం మసి పట్టి డీపీఎఫ్ నిండుతుంది. వాళ్లొచ్చే ముందు వేసి చల్లబరుచు చాలు.

ప్రశ్న: ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ ఎస్‌యూవీ ఇక్కడి ధర కన్నా బాగా తక్కువకి చూపిస్తున్నారు, 2021ది. కొనొచ్చా? మాకు వారానికోసారి విజయవాడ ప్రయాణం ఉంటుంది. – ఎల్బీనగర్, హైదరాబాద్

జవాబు: ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిళ్లు నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ), 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత అక్కడ డీజిల్ అంటేనే జనానికి జంకు, అందుకే ధర తక్కువ. అందులో మోసం ఏమీ లేదు. ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూస్తే మిగిలేది మాత్రం మీరనుకున్నంత ఉండదు. మీ వాడకానికి డీజిల్ సరిగ్గా సరిపోతుంది, వారానికోసారి హైవే మీద అంత దూరం పోయే బండికి డీపీఎఫ్ గొడవలు తక్కువ.

ఆ బండి ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగిందన్నదే ప్రశ్న. ఢిల్లీ ట్రాఫిక్‌లో నాలుగేళ్లు ఇంటికీ మార్కెట్‌కీ తిరిగి ఉంటే కిలోమీటర్లు తక్కువ ఉండడం గొప్పేమీ కాదు, ఇంకా అనుమానించాలి. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి, బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజిన్ చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్ట్ చేయించండి. మీరు వచ్చేలోపు వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారనుకోవాలి. తెలిసినవాడితో స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో బూడిద ఎంత, రెండు రీజనరేషన్ల మధ్య సగటున ఎన్ని కిలోమీటర్లు నడుస్తోంది, ఒక్కో నాజిల్‌కి కంప్యూటర్ చేసే సవరణ అంకెల్లో ఒకటి మిగతావాటికన్నా బాగా దూరంగా ఉందా చూపించుకోండి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనండి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి హెడ్ మొత్తం పోతుంది కాబట్టి ఇందులో మొహమాటం వద్దు.

అన్నింటికన్నా ముందు సైలెన్సర్ పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. డీపీఎఫ్ బాగున్న బండికి నాలుగేళ్ల తర్వాత కూడా పైపు లోపల దాదాపు మసి ఉండదు. గుడ్డ నల్లగా వస్తే ఫిల్టరు పగిలిందో, ఎవరో లోపలిది తీసేశారో. ఇక బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.